ఇంటి ఫ్రిజ్ నేర్చుకుందాం – 3వ పాఠం: పైన ఐస్ రాయిలా ఉంది, కింద పాలు విరిగిపోతున్నాయి

పోయిన పాఠంలో ఫ్రిజ్‌ని ఎక్కడ, ఎలా నిలబెట్టాలో చూశాం. వెనక గోడకి బెత్తెడు సందు, పక్కల గాలి ఆడే జాగా, ముందు కాళ్లు కాస్త ఎత్తు. తలుపు సగం తెరిచి వదిలితే దానంతటదే వెళ్లి పడాలి. అది ఇంకా సరిచేసుకోని వాళ్లు ముందు ఆ పని చూసుకోండి. తలుపు సరిగ్గా పడని ఫ్రిజ్‌లో ఇవాళ చెప్పే పరీక్షలేవీ నిజం చెప్పవు.

పైన ఫ్రీజర్, కింద ఫ్రిజ్ ఉండే డబుల్ డోర్ ఫ్రిజ్‌ల గురించి తిరుపతిలో నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఒకటే. "పైన ఐస్ బాగానే కడుతోందన్నా, కిందే చల్లగా లేదు." దీనికి చాలామంది మెకానిక్‌లు వెంటనే చెప్పే జవాబు కూడా ఒకటే: "గ్యాస్ అయిపోయింది."

ఈ పాఠం అంతా ఆ ఒక్క మాట గురించే. ఫ్రిజ్‌లో గ్యాస్ వంట సిలిండర్‌లోలాగా ఖర్చయ్యేది కాదు. మూసేసిన పైపుల్లో ఏళ్ల తరబడి అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. వెనక కింద ఉండే కంప్రెసర్ అనే మోటారు దాన్ని నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడి పక్క గోడల్లోని పైపుల గుండా బయటికి పోతుంది. ఫ్రిజ్ పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది అదే, అది జబ్బు కాదు. వేడి పోయి ద్రవంగా మారిన గ్యాస్ సన్నటి కేపిలరీ పైపు దాటి, ఫ్రీజర్ వెనకున్న కాయిల్‌లో, అంటే వంపులు వంపులుగా ఉన్న పైపులో, ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. పైపుకి ఎక్కడో చిల్లు పడితే తప్ప గ్యాస్ తగ్గదు. అలా తగ్గితే ఫ్రీజర్‌కి కూడా దెబ్బ తగులుతుంది, ఐస్ మెత్తబడుతుంది. మీ ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ రాయిలా ఉందంటే గ్యాస్‌ని అనుమానించాల్సింది ఆఖరున.

మరి కింద ఎందుకు చల్లబడదు? ఇలాంటి ఫ్రిజ్‌లో చలి పుట్టేది ఒక్క చోటే, ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ పలక వెనకాల ఉన్న కాయిల్ దగ్గర. అక్కడొక చిన్న ఫ్యాన్ ఆ చల్లగాలిని ఫ్రీజర్‌లోకి ఊదుతుంది. అందులో కొంత భాగం ఒక సందు గుండా కిందికి దిగుతుంది. కింద అరకి సొంతంగా చలి అంటూ లేదు, పైనుంచి వచ్చే గాలే దానికి ఆధారం. ఆ గాలి ఆగితే పైన గడ్డ, కింద వెచ్చన. (సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఈ ఫ్యాన్ ఉండదు, దాని లెక్క వేరు.)

గాలి ఆగడానికి నేను చూసిన కారణాల్లో తేలికైనది మనం చేసేదే. దోసె పిండి గిన్నెని వెనక్కి నెట్టి, గాలి వచ్చే రంధ్రాలకి అడ్డం పెట్టేస్తాం. మామిడికాయల కాలంలో కవర్లు కవర్లుగా కుక్కేస్తాం. రంధ్రాల ముందు నాలుగు వేళ్ల జాగా వదలండి. రెండోది నాబ్. చాలా మోడళ్లలో రెండు నాబ్‌లు ఉంటాయి. ఒకటి కంప్రెసర్‌ని నడిపేది, ఇంకొకటి గాలిని పైకీ కిందికీ పంచేది. ఏది ఏదో మాన్యువల్‌లో ఉంటుంది. పంచే నాబ్‌ని ఫ్రీజర్ వైపు పూర్తిగా తిప్పేస్తే కిందికి గాలి తగ్గుతుంది. ఎండలకి భయపడి చాలామంది చేసే పని ఇదే.

మూడో కారణం దగ్గర కాస్త ఆగుదాం. తలుపు తెరిచిన ప్రతిసారీ బయటి తేమ లోపలికి పోయి కాయిల్ మీద మంచులా పడుతుంది. మన దగ్గర అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ముసురు పడుతుంది కాబట్టి ఆ నెలల్లో ఇది ఎక్కువ. ఆ మంచుని కరిగించడానికి కాయిల్ కింద ఒక హీటర్ ఉంటుంది. చాలా ఫ్రిజ్‌లలో సుమారు 6 నుంచి 12 గంటలకోసారి కంప్రెసర్ ఆగి హీటర్ వెలుగుతుంది. కరిగిన నీళ్లు ఒక రంధ్రం గుండా పైపులోకి దిగి, వెనక కంప్రెసర్ మీదున్న ట్రేలో పడి, ఆ వేడికి ఆవిరైపోతాయి. హీటర్‌గానీ, దాన్ని నడిపే టైమర్‌గానీ, సెన్సర్‌గానీ పాడైతే మంచు కరగదు. కాయిల్ మొత్తం తెల్లగా మూసుకుపోయి, ఫ్యాన్ తిరిగినా గాలి దాటదు.

పోయిన నవంబర్‌లో కోర్లగుంటలో ఒక పెద్దామె ఇంటికి వెళ్లాను. కింద కూరగాయల ట్రేలో రెండు వేళ్ల లోతు నీళ్లు, కొత్తిమీర కుళ్లిపోయి ఉంది. అప్పటికే ఒకరు వచ్చి గ్యాస్ ఎక్కించి డబ్బు తీసుకుని వెళ్లారు. పలక ఊడదీసి చూస్తే హీటర్ బాగానే ఉంది. నీళ్లు దిగే రంధ్రం మీద మాత్రం మంచుగడ్డ, దాని లోపల ఎండిన కరివేపాకు రెబ్బ. దిగాల్సిన నీళ్లు దిగక, అక్కడే గడ్డకట్టి, మిగిలినవి కిందికి కారాయి. సూది తీసేసిన పెద్ద సిరంజితో గోరువెచ్చని నీళ్లు నాలుగుసార్లు కొట్టాక గడ్డ కరిగింది, వెనక ట్రేలో చుక్కలు పడిన చప్పుడు వినిపించింది. పని అయింది అరగంటలో. "నాయనా, ఆ డబ్బుతో మనవడికి చెప్పులు వచ్చేవి" అంది ఆమె. ఈ పాఠాలు మొదలుపెట్టడానికి ఆ మాటే కారణం.

ఇక మీరు చేయగలిగిన పరీక్ష. ముందు ఫ్రీజర్ తలుపు తెరిచి, తలుపు తగిలే చోట ఉన్న స్విచ్‌ని వేలితో నొక్కి పట్టుకోండి. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు ఫ్యాన్ చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే అరగంట ఆగి మళ్లీ చూడండి, మొదటిసారి హీటర్ వెలిగే సమయం అయి ఉండొచ్చు. అప్పుడూ చప్పుడు లేకపోతే ఫ్యాన్‌ని అనుమానించాలి.

ఫ్యాన్ తిరుగుతున్నా కింద చల్లబడకపోతే ప్లగ్ తీసేసి, పాలూ కూరలూ థర్మోకోల్ పెట్టెలోకి మార్చి, రెండు తలుపులూ తెరిచి 24 గంటలు వదిలేయండి. కింద పాత తువ్వాళ్లు పరవండి, నీళ్లు చాలా వస్తాయి. తర్వాత ప్లగ్ పెట్టి చూడండి. కింద చక్కగా చల్లబడి, వారం పది రోజుల్లో మళ్లీ అదే గొడవ మొదలైతే తప్పు మంచు కరిగించే భాగాలది. మెకానిక్‌ని పిలిచినప్పుడు "డీఫ్రాస్ట్ హీటర్, టైమర్, సెన్సర్ చూడండి" అని మీరే చెప్పండి. మంచు కరిగించాక కూడా ఫ్రీజర్ సరిగ్గా గట్టిపడకపోతే, అప్పుడు గ్యాస్ మాట వినొచ్చు. పలక విప్పి కాయిల్ చూపించమనండి. గ్యాస్ తగ్గితే కాయిల్ మొదట్లో మాత్రమే మంచు ఉండి, మిగతాది ఉత్తగా ఉంటుంది.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో మంచుని పొడవొద్దు. కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్600ఏ, అంటే ఐసోబ్యుటేన్. అది మండే గ్యాస్. మీ ఫ్రిజ్‌లో ఏ గ్యాస్ ఉందో, ఎన్ని గ్రాములుందో వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. అల్యూమినియం కాయిల్‌కి చిల్లు పడిందంటే ఖర్చు ఒకెత్తు, ప్రమాదం ఇంకొకెత్తు.

నెలకోసారి డోర్ రబ్బరుని సబ్బునీళ్లతో తుడిచి, తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగి చూడండి. బిగువుగా రావాలి. నాలుగు వైపులా చూడండి, కింది మూల దగ్గరే ఎక్కువగా వదులవుతుంది.

వచ్చే పాఠం కరెంట్, ఎర్త్, స్టెబిలైజర్ గురించి. మీ స్టెబిలైజర్‌కి అంకెలు చూపించే డిస్‌ప్లే ఉంటే, ఈ వారం రోజూ సాయంత్రం 7 గంటలకీ రాత్రి 11 గంటలకీ వోల్టేజ్ ఎంత ఉందో కాగితం మీద రాసి, ఫ్రిజ్ తలుపుకే అంటించి ఉంచండి.