లాంఛనాలు గొడవ లేకుండా గట్టెక్కించడం ఎలా

మా వాళ్లలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా శుభలేఖ అచ్చుకి వెళ్లకముందే నాకు ఫోన్ వస్తుంది: "పిన్నీ, లాంఛనాల సంగతి నువ్వే చూసుకోవాలి." వంటవాళ్లతో, మండపం వాళ్లతో ఎవరైనా మాట్లాడగలరు. వియ్యపురాలి మేనత్తకి తాంబూలం ఎవరి చేత ఇప్పించాలి అన్న దగ్గరే అందరికీ టెన్షన్.

ముందు ఆ మాటేమిటో తెలుసుకోండి, సగం భయం పోతుంది. సంస్కృతంలో లాంఛనం అంటే గుర్తు. చందమామ మీది మచ్చ కుందేలులా ఉందని ఆయన్ని శశలాంఛనుడన్నారు. జైన తీర్థంకరుల్లో ఋషభనాథుడి లాంఛనం ఎద్దు, మహావీరుడిది సింహం. పీఠం మీద అది చూసే విగ్రహం ఎవరిదో పోల్చుకుంటారు. చాళుక్యులది వరాహ లాంఛనం. మనకి ఆ మాట గౌరవం చూపే పద్ధతికీ వచ్చింది, పెళ్లిలో మర్యాదకి పెట్టే వస్తువుకీ వచ్చింది. ఉత్తరాది సంబంధమైతే మాత్రం ఈ మాట నోట రానివ్వకండి. హిందీలో లాంఛన్ అంటే నింద, కళంకం!

గుర్తే కాబట్టి ఖరీదు కంటే ఎవరికి, ఎప్పుడు, ఎవరి చేత్తో ఇచ్చామన్నదే లెక్క. నెల ముందే ఒక నోటుబుక్ పెట్టి మగపెళ్లివారి వైపు పేర్లు వరసలతో సహా రాసుకోండి. పెళ్లికొడుకుని అడక్కండి, "మాకు పట్టింపుల్లేవండీ" అంటాడు. పట్టింపులన్నీ వాళ్లమ్మగారి తోడికోడలికి ఉంటాయి. ఆవిడకే ఫోన్ చేసి, "వదినగారూ, మీ ఇంటి పద్ధతి మాకు తెలీదు, మీరు చెబితే అలాగే చేస్తాం" అనండి. మనం సలహా అడిగిన మనిషి ఇక తప్పు పట్టదు. ఆడపడుచు లాంఛనం ఎంతమందికో కూడా అప్పుడే తేల్చుకోండి. పెత్తండ్రి కూతుళ్లు లెక్కలోకి వస్తారా రారా అన్నది మండపంలో తేలే విషయం కాదు.

ఎదుర్కోలు దగ్గర పానకం, పన్నీరు సిద్ధంగా ఉంచి, బస్సు దిగిన వరసలో కాకుండా పెద్దవాళ్లని ముందు పిలవండి. అక్కడ కాస్త ఎకసెక్కాలు ఆడినా ఉడుక్కోకండి. భద్రాచలంలో సీతారామ కల్యాణానికి ముందు జరిగే ఎదుర్కోలు ఉత్సవంలో కూడా రాముడి వైపు, సీతమ్మ వైపు చేరి మా వంశం గొప్పంటే మా వంశం గొప్పని వాదించుకుంటారు.

విడిదిలో నేను పెట్టే పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరినూనె, దువ్వెన, అద్దంతో పాటు పిన్నీసులు, తలనొప్పి మాత్రలు తప్పకుండా ఉంటాయి. పట్టుచీర కుచ్చిళ్లు నిలవని వేళ దొరికిన పిన్నీసుకి వచ్చినంత మంచిపేరు వెండి కుంకుమభరిణెకి రాదు. తెల్లవారుజామున కాఫీ ఆలస్యమైందా, మిగతావన్నీ వృథా.

అలకపాన్పు మీద అల్లుడు ఏమడుగుతాడో ముందే ఇరువైపులా అనుకోవాలి, అది సరదాగానే ఉండాలి. లాంఛనాల పేరు చెప్పి డబ్బో కారో గట్టిగా అడిగితే అది కట్నమే. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడగడమే నేరం. వధూవరులకి ఎవరేమిచ్చారో జాబితా రాసి సంతకాలు పెట్టాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. నా నోటుబుక్‌లో చివరి పేజీలు దానికే వదిలేస్తాను.