తీరం ప్లాను మీద అర్జీ రాసేటప్పుడు: సర్వే నంబరు, నెల

కొత్త జిల్లాలు వచ్చాక గుంటూరు జిల్లాకు సముద్రం లేకుండా పోయింది. 2022లో తీరమంతా బాపట్లకు వెళ్ళింది. అయినా ఆదివారం సూర్యలంకలో దిగేది ఎక్కువగా గుంటూరు, విజయవాడ జనమే. రోడ్డు, రిసార్టు, దీపాలు అడిగేదీ మనమే. నేను సర్వేయరుగా రిటైరై బ్రాడీపేటలో ఉంటున్నా, తీరం ఊళ్ళ కుర్రాళ్ళు ప్లాను కాగితాలు పట్టుకుని వస్తూనే ఉంటారు. తీరంలో కట్టబోయే వాటి మీద అర్జీ ఎలా రాయాలో వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

"అభివృద్ధి ఆపండి" అన్న అర్జీ ఫైలు అడుక్కి పోతుంది. "ప్రకృతిని కాపాడండి" అన్నదీ అంతే. ఆఫీసులో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, సర్వే నంబరూ నెలా ఉన్న అర్జీకే జవాబు రాయక తప్పదు. ఎక్కడ వద్దో, ఎప్పుడు వద్దో రాయండి. మిగతా చోట, మిగతా నెలల్లో కట్టుకోమనండి.

ముందు సీఆర్‌జెడ్ మ్యాపు, అంటే తీరంలో ఎక్కడ ఏం కట్టొచ్చో చూపే పటం, సంపాదించండి. సాధారణంగా చేతికిచ్చేది 1:25,000 స్కేలుది. అందులో 50 మీటర్లంటే 2 మిల్లీమీటర్లు. పెన్సిలు మొన మొద్దుబారితే చాలు, మడ (ఉప్పునీటి బురదలో పెరిగే చెట్ల) తోట గీతకు అవతల పడిపోతుంది. గ్రామ పటం స్కేలులో గీసిన మ్యాపు కావాలని అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. పంచాయతీలో ఫీజు లేదు, మండలాఫీసులో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

తర్వాత అడంగల్, అంటే రెవెన్యూ వాళ్ళ భూమి రికార్డు, తీయండి. అసలు చిక్కంతా ఇక్కడే. నిజాంపట్నం వైపు మడ ఉన్న నేల రికార్డుల్లో "బంజరు" అనో, "ఉప్పు పర్ర" అనో పడి ఉండొచ్చు. ప్లాను గీసే కన్సల్టెంటు ఆ మాట చూసి ఖాళీ స్థలం రంగు పూసేస్తాడు. మీరు పోటు సమయంలో అక్కడ నిలబడితే నీళ్ళు మోకాళ్ళ దాకా వస్తాయి, మడ వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకుని ఉంటాయి, పీతలు కాళ్ళ మధ్య తిరుగుతుంటాయి. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం ప్రభుత్వ భూమిలో మడ వెయ్యి చదరపు మీటర్లు, అంటే దాదాపు పాతిక సెంట్లు దాటితే, దాని చుట్టూ 50 మీటర్లు వదలాలి. రికార్డులో ఏం పేరుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, నేల మీద చెట్టు ఉందా లేదా అన్నదే చూస్తారు. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి నాలుగు మూలలా ఫొటోలు తీయండి. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు మీద ఆ మూలలు గుర్తుపెట్టి అర్జీకి జత చేయండి. బావురుపిల్లి (చేపలు పట్టే అడవిపిల్లి) అడుగులు కనిపిస్తే, పక్కన స్కేలు పెట్టి అదీ తీయండి. అది 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. ఆలివ్ రిడ్లే తాబేలూ అందులోదే.

మడ పక్కగా రోడ్డు కావాల్సి వస్తే రోడ్డుకు అడ్డుపడకండి, తూములు అడగండి. పోటు నీళ్ళు ఏ పాయలోంచి ఎక్కుతున్నాయో ఆ చోట్లన్నీ మ్యాపు మీద చూపించండి. నీరు ఆగితే మడ నరకకుండానే చస్తుంది.

ఇక నెల. తాబేళ్ళు ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు ఒడ్డెక్కుతాయి. గూటికి వందకు అటూఇటూ గుడ్లు పెడతాయి. పొద్దున్నే వెళ్తే ఇసుకలో ట్రాక్టర్ టైరు అచ్చులాంటి జాడ కనిపిస్తుంది. పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది కాబట్టి మే దాకా లెక్కేసుకోండి. మన కాంట్రాక్టర్లు మాత్రం మార్చి 31 లోపు బిల్లు పెట్టాలని సరిగ్గా జనవరిలోనే జేసీబీ దింపుతారు! అందుకని ఒడ్డు మీది పనులు జూన్, సెప్టెంబరుల మధ్య పెట్టమని రాయండి. అక్టోబరు వస్తే తుఫానుల భయం ఉండనే ఉంటుంది.

దీపాల సంగతి కూర్చుని కనిపెట్టాలి. చీకటిపడ్డాక నీళ్ళ అంచున గొంతుకూర్చుని, కళ్ళు వీలైనంత ఇసుక ఎత్తుకు దించి ఊరి వైపు చూడండి. బల్బు నేరుగా కంట్లో పడితే తాబేలు పిల్లకూ పడుతుంది. అవి వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి, సముద్రం వదిలేసి రోడ్డెక్కుతాయి. ఆ స్తంభాల నంబర్లు రాసుకోండి. అర్జీలో వాక్యం ఇలా ఉండాలి: "ఫలానా సర్వే నంబరులోని ఫలానా స్తంభం దీపానికి సముద్రం వైపు మూత వేయాలి, జనవరి నుంచి మే వరకు రాత్రి తొమ్మిది తర్వాత ఆపాలి." హైమాస్ట్ (బాగా ఎత్తు స్తంభం మీది పెద్ద దీపాలు) ప్రతిపాదన ఉంటే దాన్ని సరుగుడు తోట వెనక్కి జరపమనండి.

పడవలు లాగే చోటు, వలలు ఆరేసే చోటు కూడా అదే అర్జీలో రాయండి. రిసార్టు వస్తే ముందు పోయేవి అవే. అవి లేని కాగితం మీద మత్స్యకారుడు సంతకం ఎందుకు పెడతాడు? నేనైతే పెట్టను.

చిన్న పనులకు గ్రామసభలో ఇచ్చి రసీదు ముద్ర వేయించుకుంటే చాలు. ప్రజాభిప్రాయ సేకరణ జరిగే పెద్ద ప్రాజెక్టయితే నోటీసుకూ సభకూ మధ్య కనీసం 30 రోజులుంటాయి, సారాంశం తెలుగులో ఇవ్వాలి. సభ చివర మినిట్స్ చదివి వినిపించాలన్నది రూలు. భోజనాలకు లేచిపోకండి. మీ సర్వే నంబరు అందులో వినపడకపోతే అక్కడికక్కడే లేచి అడగండి, వీడియో తీస్తుంటారు.

పర్యావరణ అనుమతి వచ్చాక షరతుల పేజీ చదవండి. మీరు రాసినవి లేకపోతే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులే గడువు, తగిన కారణం చూపితే మరో 60.