ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదా? పాత కారులో ముందు ఇవి చూడండి

తాళం ఆన్ చేయగానే మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్ బొమ్మ లైటు వెలిగి, ఐదారు సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోయినా, దారిలో ఉన్నట్టుండి వెలిగినా సిస్టమ్‌లో ఎక్కడో తేడా ఉన్నట్టు. అలాంటప్పుడు చాలా కార్లలో కంప్యూటర్ ఎయిర్‌బ్యాగులను ఆపేస్తుంది కాబట్టి, బండి గుద్దుకున్నా అవి తెరుచుకోకపోవచ్చు. బండి మామూలుగానే నడుస్తోంది కదా అని నెలల తరబడి అలాగే తిప్పేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది, ఎందుకంటే ఆ కారులోనే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే మీద లారీల మధ్య వెళ్తుంటారు.

మొదట బ్యాటరీ చూడండి. సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే వోల్టేజి పడిపోయి కూడా ఈ లైటు వెలగొచ్చు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.5 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 14 దగ్గర ఉంటే బ్యాటరీ మీద అనుమానం అక్కర్లేదు.

తర్వాత ముందు సీట్ల కింద టార్చి వేసి చూడండి. అక్కడ పసుప్పచ్చ కప్లర్లు, అంటే వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింట్లు కనిపిస్తాయి. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్‌కి చాలా కంపెనీలు ఆ రంగే వాడతాయి. సైడ్ ఎయిర్‌బ్యాగుకో, బెల్టును బిగించే ప్రీటెన్షనర్‌కో వెళ్లే వైర్లవి. సీటు ముందుకీ వెనక్కీ జరిపీ జరిపీ, కింద వాటర్ బాటిళ్లూ గొడుగులూ తోసీ ఆ కప్లర్ వదులవుతుంది. సీటు జరిపినప్పుడల్లా లైటు వచ్చిపోతుంటే దాదాపు దొంగ దొరికినట్టే. అయితే తాళం ఆన్‌లో ఉండగా దాన్ని పీకొద్దు. తాళం తీసి, పది నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ విప్పి, పది నిమిషాలు ఆగాక ముట్టుకోండి. బ్యాటరీ విప్పినా ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌లో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది, అందుకే ఆ ఆగడం.

లైటుతో పాటు హారన్ కూడా సతాయిస్తోందా? హారన్ నొక్కి పట్టుకుని స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడండి. మధ్యలో మోత తెగిపోతుంటే అనుమానం క్లాక్ స్ప్రింగ్ మీదే. స్టీరింగ్ వెనక చుట్టలా ఉండే పల్చటి రిబ్బన్ కేబుల్ అది. హారన్ కరెంటూ, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కరెంటూ దాంట్లోంచే పోతాయి, ఏళ్ల తరబడి తిరిగి తిరిగి తెగుతుంది. పాత కార్లలో ఇది బాగా ఎక్కువ. కొత్తది వేసేటప్పుడు చక్రాలు నిటారుగా పెట్టి, కేబుల్‌ను సరిగ్గా మధ్యకు తెచ్చి బిగించాలి, లేదంటే స్టీరింగ్ మొదటిసారి పూర్తిగా తిప్పగానే పుటుక్కున తెగిపోతుంది. ఇది మాత్రం తెలిసిన మెకానిక్ చేతే చేయించండి.

మన వైపు ఇంకో సంగతి నీళ్లు. నవంబరు వానల్లో నీళ్లలో దిగిన బండి పైకి ఆరినట్టే ఉంటుంది గానీ కార్పెట్ కింద స్పాంజి వారాల పాటు తడిగానే ఉంటుంది. చాలా బండ్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ గేర్ లివర్ దగ్గర, నేలకు ఆనుకునే ఉంటుంది. కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి, కప్లర్ పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. సముద్రం పక్క ఊళ్లలో వాన లేకపోయినా ఉప్పు గాలికే చిలుము వస్తుంది, ముఖ్యంగా బంపర్ వెనక ఉండే సెన్సార్ కప్లర్‌కి. రొయ్యల చెరువుల వైపు తిరిగే బండ్లవాళ్లు దీన్ని మరిచిపోవద్దు.

ఇవేవీ కాకపోతే, కారు కంప్యూటర్ దాచుకున్న తప్పు కోడ్‌ను చదివే స్కానర్ పెట్టించాల్సిందే. చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, కాబట్టి ఆటోనగర్‌లో బండి ఇచ్చే ముందు "ఎయిర్‌బ్యాగ్ కోడ్ చదువుతుందా అన్నా?" అని అడగండి. కోడ్ రాసుకున్నాకే చెరిపించండి. తప్పు సరిచేయకుండా చెరిపితే లైటు మళ్లీ వస్తుంది. సరిచేశాక కూడా కొన్ని కార్లలో చెరిపితే తప్ప ఆరదు.

ఎయిర్‌బ్యాగ్‌కి మల్టీమీటర్ నేరుగా పెట్టొద్దు, ఎవర్నీ పెట్టనివ్వొద్దు. ఆ కాస్త కరెంటుకే అది మొహం మీద పేలొచ్చు. ఎయిర్‌బ్యాగ్ బదులు రెసిస్టర్ వేసి, కంప్యూటర్‌ను మోసం చేసి లైటు ఆర్పేస్తానన్నవాడికి బండి ఇవ్వొద్దు.

లైటు చెప్పని ప్రమాదం కూడా ఒకటుంది. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో కొన్నిటిలో బ్యాగును ఉబ్బించే పేలుడు మందు ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు చిమ్మింది. హోండాతో పాటు చాలా కంపెనీలు ఆ కార్లను వెనక్కి పిలిచి ఆ భాగాన్ని ఉచితంగా మార్చాయి. వేడీ తేమా రెండూ ఉన్న ప్రాంతం మనది. ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి, లేదా షోరూమ్‌లో అడగండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేయండి. లైటు అసలు వెలగకపోతే బల్బు పీకేసి ఉండొచ్చు. వెలిగినది ఐదారు సెకన్లకు తనంతట తానే ఆరాలి, ఆయిల్ లైటూ బ్యాటరీ లైటూ అలాగే వెలుగుతూ ఉండాలి. స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వాటితో కలిసి ఆరుతోందంటే ఎయిర్‌బ్యాగ్ లైటు వైరును ఆయిల్ లైటుకో బ్యాటరీ లైటుకో కలిపేశారేమో అని అనుమానించి, స్కాన్ చేయించేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.