లాగిన్ అయినా మళ్ళీ లాగిన్ పేజీకే వస్తోందా? బ్రౌజర్ ఐసోలేషన్ ఉందేమో చూడండి

ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ కరెక్టే, ఓటీపీ కరెక్టే, అయినా ఎంటర్ కొట్టగానే తిప్పి తిప్పి మళ్ళీ లాగిన్ పేజీకే తెచ్చి పడేస్తోందంటే వెంటనే పాస్‌వర్డ్ రీసెట్ చెయ్యకండి. అందరూ మొదట చేసేది అదే, దాంతో అకౌంట్ కూడా లాక్ అయ్యి ఒక టికెట్ కాస్తా రెండు టికెట్లు అవుతాయి. మీ కంపెనీలో రిమోట్ బ్రౌజర్ ఐసోలేషన్ పెట్టారేమో ముందు చూడండి. మెన్లో, జీస్కేలర్, క్లౌడ్‌ఫ్లేర్ లాంటి కంపెనీలు దీన్ని అమ్ముతాయి.

ఇది ఉంటే వెబ్‌సైట్ మీ ల్యాప్‌టాప్‌లో రన్ అవ్వదు, ఎక్కడో డేటా సెంటర్‌లో ఒక కంటైనర్‌లో (మిగతా వాటికి దూరంగా విడిగా పెట్టిన బ్రౌజర్ గదిలాంటిది) రన్ అవుతుంది, మీకు దాని బొమ్మో, కడిగి పంపిన పేజీయో మాత్రమే కనిపిస్తుంది, మీరు కొట్టే కీలు, క్లిక్‌లు అక్కడికి వెళ్తాయి. వైరస్ ఉన్నా అక్కడే చస్తుంది, ఆ మేరకు మంచిదే. కాకపోతే కుకీలు, అంటే మీరు లాగిన్ అయ్యారని సైట్ గుర్తుపట్టే చీటీలు, కూడా అక్కడే ఉంటాయి. చాలా చోట్ల అన్ని సైట్లకీ ఐసోలేషన్ పెట్టరు, కేటగిరీ తెలియనివి, కొత్త డొమైన్లు, రిస్క్ ఉన్నవి మాత్రమే అటు పంపిస్తారు. అప్పుడు యాప్ ఏమో అటు, ఎస్‌ఎస్‌ఓ పేజీ (కంపెనీ యాప్‌లన్నిటికీ ఒకే లాగిన్ ఇచ్చేది) ఏమో ఇటు మామూలు బ్రౌజర్‌లో, ఇటు ఉన్న కుకీ అటు కనిపించదు. ఒక బ్రాంచిలో టోకెన్ తీసుకుని ఇంకో బ్రాంచి క్యూలో నిలబడ్డట్టే, ఎంతసేపు నిలబడ్డా మీ నంబర్ పిలవరు. శామల్ (ఎస్‌ఎస్‌ఓ నుంచి యాప్‌కి లాగిన్ సమాచారం పంపే ఒక పద్ధతి) వాడే యాప్‌లకి ఇంకో తలనొప్పి, ఎస్‌ఎస్‌ఓ ఇచ్చే జవాబు మామూలుగా ఫామ్ పోస్ట్ రూపంలో వెళ్తుంది, ఇటు నుంచి అటు దాటేటప్పుడు ఆ ఫామ్‌లో డేటా పోతే 405 ఎర్రరో (ఈ రకం రిక్వెస్ట్ తీసుకోనని సర్వర్ చెప్పడం), తెల్ల పేజీయో, లేదా అదే లూపో.

కనుక్కోవడం ఎలా అంటే, పేజీ మీద రైట్ క్లిక్ చెయ్యండి, క్రోమ్ మెనూ కాకుండా వేరే మెనూ ఏదైనా వస్తే అనుమానించొచ్చు. కొన్నింట్లో అంచున చిన్న గుర్తు కనిపిస్తుంది. తర్వాత లాగిన్ నొక్కి అడ్రస్ బార్ మీదే కన్నేసి ఉంచండి, ఏ డొమైన్ తర్వాత ఏ డొమైన్ వస్తోందో వరసగా రాసుకోండి. ఈ లిస్టే అసలైన మందు. ఐటీ వాళ్ళని అడగాల్సింది "సైట్ ఓపెన్ చెయ్యండి" అని కాదు, "ఈ డొమైన్లన్నీ ఒకే వైపు పెట్టండి" అని. అన్నీ ఐసోలేషన్‌లో ఉన్నా ఫర్వాలేదు, అన్నీ బయట ఉన్నా ఫర్వాలేదు, సగం సగం ఉంటేనే గొడవ.

లూప్ కాకుండా వేరే లక్షణాలుంటే కారణం కూడా వేరే. బాక్స్‌లో అక్షరమే పడట్లేదంటే ఆ సైట్‌ని రీడ్ ఓన్లీలో పెట్టారు, ఫిషింగ్ పేజీలో పాస్‌వర్డ్ కొట్టకుండా కావాలనే చేస్తారు, కాబట్టి ముందు అది నిజంగా మీ సైటేనా అని చూస్కోండి. పేస్ట్ ఒక్కటే అవ్వట్లేదంటే క్లిప్‌బోర్డ్ ఆపేశారు. పాస్‌కీ, వేలిముద్ర, సెక్యూరిటీ కీ పనిచెయ్యట్లేదంటే అవి మీ మెషీన్‌లో ఉన్నాయి, బ్రౌజర్ ఎక్కడో ఉంది, మధ్యలో దారి లేదు, వేరే ఎంఎఫ్‌ఏ (పాస్‌వర్డ్‌తో పాటు చేసే ఇంకో తనిఖీ) పద్ధతి అడగండి. "ఈ డివైస్ కంప్లయంట్ కాదు" (కంపెనీ రూల్స్‌కి సరిపోలేదు) అని వస్తే కూడా అదే కథ, మీ ల్యాప్‌టాప్ సర్టిఫికెట్ ఆ కంటైనర్‌లో ఉండదు కదా. మీరు గచ్చిబౌలిలో కూర్చున్నా యాప్‌కి కనిపించేది డేటా సెంటర్ ఐపీ, అది ఇంకో ఊరిదో దేశానిదో అయితే రిస్క్ అని ఆపేస్తుంది.

డెవలపర్లకి స్పెషల్‌గా ఒకటి. టెర్మినల్ నుంచి అజూర్, ఏడబ్ల్యూఎస్, గూగుల్ క్లౌడ్ లాగిన్ కొడితే మామూలుగా బ్రౌజర్ తెరుచుకుని, చివర్లో లోకల్‌హోస్ట్‌కి తిరిగి వస్తుంది. ఐసోలేషన్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, మీ మెషీన్ కాదు, టెర్మినల్ అలా వెయిట్ చేస్తూనే ఉంటుంది. అజూర్, ఏడబ్ల్యూఎస్ అయితే డివైస్ కోడ్ పద్ధతి (టెర్మినల్ చూపించే కోడ్‌ని బ్రౌజర్‌లో కొట్టడం) వాడండి, గూగుల్‌లో బ్రౌజర్ తెరవకుండా లాగిన్ అయ్యే ఆప్షన్ ఉంది. కాకపోతే కొన్ని కంపెనీలు ఫిషింగ్ భయంతో డివైస్ కోడ్‌ని బ్లాక్ చేస్తాయి, అడిగి వాడండి.

టికెట్‌లో టైమ్, డొమైన్ల వరస, ఎర్రర్ స్క్రీన్‌షాట్ పెట్టండి. హార్ ఫైల్ (బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య జరిగినదాని రికార్డు) అడిగితే ఊరికే అటాచ్ చేసి పంపెయ్యకండి, అందులో మీ సెషన్ కుకీలు ఉండొచ్చు, దొరికినవాడు మీ పేరుతో లోపలికి వెళ్ళిపోగలడు, అవి తీసేసి పంపండి. పర్సనల్ ల్యాప్‌టాప్‌లో ఓపెన్ చేసి "ఇక్కడ వస్తోంది" అని పని కానిచ్చేయడం కూడా వద్దు, ఆడిట్‌లో దొరికితే సంజాయిషీ మీరే రాయాలి.

ఐటీ వాళ్ళు పాలసీ మార్చామని చెప్పాక కూడా లూప్ పోకపోతే కంగారు పడకండి, పాత కుకీ ఇంకా పట్టుకుని ఉంటుంది. ఐసోలేటెడ్ ట్యాబ్‌లన్నీ మూసి ఆ సెషన్ పూర్తిగా ముగియనివ్వండి, మామూలు బ్రౌజర్‌లో ఆ డొమైన్ల కుకీలు మాత్రం తీసేసి, బుక్‌మార్క్‌లో సేవ్ అయిన లాగిన్ లింక్ కాకుండా యాప్ హోమ్ పేజీ నుంచి మొదలుపెట్టండి.