వానలకు ముందే పిల్లల కళ్ళు చూసుకోండి

జూన్‌లో బడులు తెరిచి, నాలుగు వానలు పడ్డాయంటే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కళ్ళకలక మొదలు. వీధి చివరి బోరింగు నుంచి మోసుకొచ్చిన రెండు బిందెల్లో తాగడానికీ వంటకీ పోగా మిగిలితేనే పిల్లాడి మొహానికి. నిజానికి మొహానికి కావలసింది అరచెంబే.

ఆ అరచెంబు ముందే విడిగా పెట్టండి. గట్టి లీటరు సీసాకి అడుగునుంచి రెండు వేళ్ళ పైన, కాల్చిన సన్న మేకుతో ఒకే బెజ్జం పెట్టి పెరటి గుంజకి కట్టండి. మూత వదులు చేస్తే ధార వస్తుంది, బిగిస్తే ఆగుతుంది. బెజ్జం పెద్దదైతే మూత బిగించినా కారిపోతుంది, ఇంకో సీసా తీసుకోండి. ముందు సబ్బుతో చేతులు, తర్వాత మొహం, ముక్కు. పుసి పూర్తిగా పోవాలి, ఈగలు వాలేది దానిమీదే.

తుడిచే గుడ్డ దగ్గరే చాలా ఇళ్ళల్లో తప్పు జరుగుతుంది. ఒకే కొంగుతో ముగ్గురు పిల్లల మొహాలూ తుడిస్తే ఒకరి పుసి ముగ్గురికీ చేరుతుంది. ఎవరి తువ్వాలు వాళ్ళది, రంగుదారం కుట్టి గుర్తు పెట్టండి. ముసురు రోజుల్లో ఆరకపోతే గుడ్డ మానేసి మొహాన్ని గాలికే ఆరనివ్వండి.

ట్రకోమా, అంటే పదేపదే సోకి చివరికి చూపు తీసే అంటు కంటిజబ్బు, ప్రజారోగ్య సమస్యగా మన దేశంలో తొలగిపోయిందని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కానీ అది నడిచిన దారులు, అంటే వేళ్ళు, గుడ్డ, ఈగ, అలాగే ఉన్నాయి. ట్రకోమాను మోసే ఈగ ఆరుబయటి మలంలో పెరుగుతుంది. పసిపిల్లల దొడ్డిని కూడా వీధిలో పారెయ్యకుండా మరుగుదొడ్లోనే వెయ్యండి.

వాడేది నూతి నీళ్ళైతే, వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల బ్లీచింగు పొడి వెయ్యండి. 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల నీరు ఉన్న నూతికి సుమారు 35 గ్రాములు. బకెట్లో కలిపి పది నిమిషాలు ఆగి, పై తేట మాత్రమే నూతిలో పొయ్యండి. గంట తర్వాత తోడుకోండి. దీనివల్ల కంటికన్నా కడుపుకే మేలెక్కువ, అయినా మానొద్దు.

కలక వచ్చిందా, చనుబాలు, ఆముదం, ఆకు పసర్లు కంట్లో వెయ్యొద్దు. మందుల షాపులో అడిగి తెచ్చిన చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే నల్లగుడ్డుకే ముప్పు. చూపు కలిస్తే అంటుకోదు, చేతులు కలిస్తే అంటుకుంటుంది. నల్లద్దాలు ఆపేది వెలుతురునే.

వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా, నల్లగుడ్డుమీద తెల్లమచ్చ కనబడినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. నెల నిండని పసికందు కంట చీము కనబడితే పొద్దు గూకేదాకా కూడా ఆగకండి.