ఫ్యూజిబుల్ లింక్ తీసి బోల్ట్ ఫ్యూజు పెట్టడం: లక్షణం, కారణం, మందు

బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరే వైరులో ఒక జానెడు ముక్క మాత్రం మిగతాదానికంటే సన్నగా, మెత్తగా ఉంటే అదే ఫ్యూజిబుల్ లింక్. జిప్సీ లాంటి పాత సుజుకీ వంశం బళ్లలో, పాత టొయోటా, డాట్సన్‌లలో కనిపిస్తుంది. తను కాపాడాల్సిన వైరు కంటే నాలుగు గేజీలు (వైరు లావు కొలతలు) సన్నగా ఉంటుంది. షార్ట్ అయితే లోపల రాగి కరిగి తెగుతుంది, తొడుగు మాత్రం అంటుకోకుండా నిలుస్తుంది. పనితనంలో లోపమేమీ లేదు. తెగిందో లేదో చూపుకు తెలియకపోవడం, రోడ్డు మీద మార్చలేకపోవడం, ఇదీ అసలు ఇబ్బంది. అందుకే దాని చోట బోల్టులతో బిగించే ఫ్యూజు పెడతాం.

తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు, బ్యాటరీలో 12.6 వోల్టులు ఉన్నాయి

లింక్‌ను రెండు కొసలా పట్టుకొని మెల్లగా లాగండి. రబ్బరు బ్యాండులా సాగితే లోపల రాగి పోయినట్టే. తొడుగు మీద బొబ్బలు లేస్తే వేడికి దెబ్బతింది, దాన్నీ నమ్మొద్దు. మీటరు బీప్ కొట్టిందని వదిలేయకండి, పోగుల్లో ఒక్కటి మిగిలినా బీప్ వస్తుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, లింక్ రెండు చివరల మధ్య మిల్లీవోల్టులు చూడండి. 0.85 చదరపు మిల్లీమీటర్ల మంచి లింక్ 10 సెంటీమీటర్ల పొడవుకు, 20 ఆంపియర్ల దగ్గర 40 మిల్లీవోల్టులు చూపిస్తుంది. 100 దాటితే సగం పోగులు పోయాయి, లేదా క్రింపు (వైరు కొసను నొక్కి బిగించిన అతుకు) దగ్గర చిలుము పట్టింది.

ఊరికే తెగదు. బ్యాటరీ మార్చేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారు చేయడం పెద్ద కారణం. అలా జరిగితే ఆల్టర్నేటర్ డయోడ్లు కూడా పరీక్షించాలి. తర్వాతిది, వైరు బాడీ అంచుకు రాసుకొని ఒరుసుకుపోవడం. మూడోది రిలే లేకుండా 100/90 వాట్ల బల్బులు బిగించడం. మామూలు 60/55 జత హైబీమ్‌లో 10 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. ఇవి 16 పైనే లాగుతాయి, అన్నీ కలిసి లింక్‌ను రోజూ కాలుస్తాయి.

కొత్తది పెట్టే ముందు షార్ట్ ఇంకా ఉందేమో చూడాలి. లింక్ ఉన్న చోట 21 వాట్ల ఇండికేటర్ బల్బును సిరీస్‌లో కలపండి. తాళం తీసేసి, తలుపులు మూసి ఉంచండి. బల్బు నిండుగా వెలిగితే లైన్ ఎక్కడో బాడీకి తగులుతోంది. ఒక్కో కనెక్టర్ ఊడదీస్తూ పోండి. బల్బు ఆరిపోయిన చోటే దొంగ.

ఎన్ని ఆంపియర్లది పెట్టాలి?

పాత లింక్‌ను కాదు, దాని తర్వాత ఉన్న వైరును చూసి నిర్ణయించాలి. 2 చదరపు మిల్లీమీటర్లకు 20, 3కు 30, 5కు 40, 8కి 60 ఆంపియర్లు. మే నెలలో హైదరాబాద్ ఎండకు బానెట్ కింద ఉండే వేడికి ఇంతకు మించొద్దు. ఆల్టర్నేటర్ లైనుకైతే దాని మీద రాసిన ఆంపియర్లకు పావు వంతు కలపండి. 45 ఆంపియర్లదైతే 56 వస్తుంది, 60 ఫ్యూజు. అక్కడున్న వైరు 5 చదరపు మిల్లీమీటర్లదే అయితే ఫ్యూజు తగ్గించకండి, వైరే మార్చండి. నడుస్తున్న బండిలో ఆ ఫ్యూజు ఎగిరితే వోల్టేజి ఒక్కసారిగా లేచి డయోడ్లు పోతాయి. సెల్ఫ్ మోటారుకు పోయే లావు కేబుల్‌కు మాత్రం ఫ్యూజు పెట్టొద్దు.

బోల్ట్ ఫ్యూజుల్లో మిడి రకం 30 ఆంపియర్ల నుంచి దొరుకుతుంది. 5 ఎంఎం బోల్టులతో బిగుస్తుంది, నెమ్మదిగా కరుగుతుంది. దీన్నే వాడమంటాం. 20 చాలిన చోట మ్యాక్సీ (పెద్ద సైజు బ్లేడు ఫ్యూజు) చాలు. రాణిగంజ్ విడిభాగాల దుకాణాల్లో అడిగేటప్పుడు హోల్డరు, మూత, బోల్టులు సెట్‌గా తీసుకోండి.

బిగించడం

ముందు మైనస్ టెర్మినల్ ఊడదీయాలి. లింక్‌ను దాని పాత క్రింపులతో సహా కత్తిరించేయండి. చిన్న ముక్క మిగిలినా రేపు అక్కడే తెగుతుంది. వైరు కొస నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోయండి. లగ్గును (బోల్టుకు తగిలించేందుకు వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) మంచి క్రింపింగ్ పనిముట్టుతో నొక్కండి. సుత్తితో చదును చేసిన లగ్గు, టంకం మీదే ఆధారపడ్డ లగ్గు రెండూ వద్దు. అదురుకు టంకం అంచున పోగులు విరుగుతాయి. లోపల జిగురున్న స్లీవ్ ఎక్కించి వేడి చేయండి. హోల్డరు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. మధ్యలోని వైరుకు కాపలా లేదు, అందుకే దానికి గొట్టం తొడగాలి. ఇంటి వైరింగ్ తీగ వాడకండి, దాని తొడుగు సాధారణంగా 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. బోల్టులు 4 నుంచి 5 న్యూటన్ మీటర్లు, అంటే చిన్న పానాతో మణికట్టు బలం. మైనస్ టెర్మినల్ చివర్లో బిగించండి.

కొత్త ఫ్యూజు మాటిమాటికీ పోతోంది

రేడియేటర్ ఫ్యాన్ మొదలైన క్షణంలోనే పోతుంటే షార్ట్ కాదు. మామూలు బ్లేడు ఫ్యూజు వేగంగా కరిగే రకం, మోటారు మొదటి ఊపును లింక్‌లా ఓర్చుకోదు. ఆంపియర్లు పెంచకండి, నెమ్మది రకానికి మారండి. ఫ్యాన్ తిరుగుతుండగా పోతే దాని బుష్షులు బిగుసుకున్నాయేమో చూడండి.

ఫ్యూజు క్షేమం, హోల్డరు మాత్రం కరిగింది

చాలామందిని తికమక పెట్టేది ఇదే. కరెంటు ఎక్కువై కాదు, పట్టు వదులై వచ్చిన వేడి. చవక ఇన్‌లైన్ హోల్డర్లకు సన్నని తోక వైర్లు ఉంటాయి, అందులో 40 ఆంపియర్ల బ్లేడు పెడితే ప్లాస్టిక్ ముందు కరుగుతుంది. హోల్డరు, లగ్గులు మార్చి, అన్ని లోడ్లూ వేసి ఇంజన్ పది నిమిషాలు నడిపి, చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పరవాలేదు, చేయి పెట్టలేకపోతే పట్టు ఇంకా సరిగా లేదు. ఆ సమయంలో బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు కనిపించాలి.

అంబాసిడర్ వాళ్లకు ఒక మాట

అందులో లూకస్ గాజు ఫ్యూజులు. వాటి మీద రాసిన 35 కరిగిపోయే హద్దు, నిరంతరం మోసేది అందులో సగం. బ్లేడుకు మారుస్తూ 35 పెడితే వైరు ముందు కాలుతుంది, 15 లేదా 20 పెట్టండి. పెట్టిన ఫ్యూజు అంకెను హోల్డరు మూత మీద చెరగని ఇంకుతో రాసి, అదే అంకె ఫ్యూజు ఒకటి డ్యాష్‌బోర్డ్ అరలో ఉంచండి.