అట్లాంటిక్ అల మీద యూ-బోట్: 1:144 డయోరామా కట్టడం

జలాంతర్గామి డయోరామా (చుట్టూ దృశ్యంతో కట్టిన చిన్న నమూనా) చాలావరకు చెడేది నీళ్ల దగ్గరే. పడవను నెల రోజులు ఒళ్లు దగ్గర పెట్టుకుని కడతారు. ఆఖరి ఆదివారం దాని చుట్టూ నీలం పూసి, పైన మెరిసే జెల్ రాసి ముగిస్తారు. చూస్తే తొట్టిలో తేలే బొమ్మలా ఉంటుంది. అందుకే కిట్ పెట్టె తెరవకముందే మూడు సంగతులు తేల్చుకుని కాగితం మీద రాసుకోవాలి: ఏ సంవత్సరం, ఎంత వేగం, ఎంత గాలి. మిగతా నిర్ణయాలన్నీ వీటి వెంటే వస్తాయి.

ఇక్కడ తీసుకున్న దృశ్యం 1941 చివరిది. ఉత్తర అట్లాంటిక్‌లో నీటిపైన 10 నాట్ల (నాట్ అంటే గంటకు 1.85 కి.మీ.) వేగంతో గస్తీ తిరుగుతున్న జర్మన్ టైప్ 7సి యూ-బోట్, అంటే జర్మన్ జలాంతర్గామి. ఆ కాలపు జలాంతర్గాములు ఎక్కువ సమయం నీటిపైనే గడిపేవి. డీజిల్ మీద 17 నాట్లు దాటే పడవ, మునిగి బ్యాటరీ మీద నడిస్తే ఏడున్నర నాట్ల దగ్గర ఆగిపోయేది. కాబట్టి నీటిపైన ఉన్న దృశ్యమే ఆ పడవల రోజువారీ బతుకు. పైగా ఎపాక్సీ (గట్టిపడే పారదర్శక రెసిన్) పోసి లోతు చూపించే తలనొప్పి కూడా ఉండదు.

సంవత్సరం ఎందుకంటే, దాన్నిబట్టే భాగాలు మారతాయి. 1941లో ముందు డెక్ మీద 88 మి.మీ. తుపాకి, కానింగ్ టవర్ (డెక్ మధ్యలో లేచి ఉండే బురుజు) వెనక అరుగు మీద ఒకే ఒక్క 20 మి.మీ. తుపాకి ఉండేవి. 1943 నుంచి విమానాల బెడద పెరిగి డెక్ తుపాకి తీసేశారు, టవర్ వెనక ఇంకో అరుగు చేర్చి విమాన విధ్వంసక తుపాకులు పెంచారు. జర్మనీలో లాబో తీరాన ప్రదర్శనకు ఉన్న యూ-995 ఫొటోలు నెట్‌లో దండిగా దొరుకుతాయి. కానీ అది 1943లో సేవలో చేరిన 7సి/41 రకం. దాని టవర్ చూసి 1941 పడవ కడితే తప్పయిపోతుంది.

విశాఖ దగ్గర 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ఇదే కిట్‌తో చేయొచ్చా అంటే, వద్దు. అది అమెరికా కట్టిన టెంచ్ తరగతి, పొడవు 95 మీటర్లు. రూపమే వేరు.

కొలతలు

కిట్లు చేసే రెవెల్ కంపెనీ ఈ పడవను 1:350, 1:144, 1:72 కొలతల్లో తెచ్చింది (1:144 అంటే అసలు దాంట్లో 144వ వంతు). 1:72లో పడవ ఒక్కటే 93 సెంటీమీటర్లు, బీరువా మీద కూడా పట్టదు. 1:350లో 19 సెంటీమీటర్లే కాబట్టి మనుషులు ఆవగింజలైపోతారు. 1:144 సరైన మధ్యస్థం.

అసలు పడవ పొడవు 67.1 మీటర్లు, అంటే మోడల్ 466 మి.మీ. వెడల్పు 6.2 మీటర్లు, మోడల్‌లో 43 మి.మీ. నీటిలో మునిగే లోతు 4.74 మీటర్లు, మోడల్‌లో 33 మి.మీ. ఈ 33 అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి. అడుగు నుంచి 33 మి.మీ. దగ్గర పెన్సిల్ గీత పెడితే అదే వాటర్‌లైన్, నీళ్లు ఆనే గీత. పక్క ట్యాంకుల ఉబ్బులో పై భాగమే నీటిపైన కనబడుతుంది, అమరం వైపు (వెనక కొస) డెక్ దాదాపు నీళ్లను తాకుతూ ఉంటుంది. కొత్తవాళ్లు పడవను నాలుగైదు మిల్లీమీటర్లు పైకి లేపేస్తారు, బరువంతా పోతుంది.

బేస్‌కు 60 × 25 సెంటీమీటర్ల, 12 మి.మీ. మందం ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన) పలక. దాని మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గింజలు లేని గట్టి రకం) ఫోమ్ షీట్. తెల్ల థర్మోకోల్ వద్దు, కోస్తే గింజలు రాలుతుంది. పడవను బేస్ అంచుకు సమాంతరంగా పెట్టకుండా 10 డిగ్రీలు ఏటవాలుగా ఉంచండి. ముందు 4 సెంటీమీటర్లు, వెనక 10 సెంటీమీటర్లు వదలండి. వెనక ఎక్కువ ఎందుకంటే పడవ వదిలిన నురగదారి అక్కడ పడాలి.

సముద్రం లెక్క

ఇక్కడ కాసేపు కాలిక్యులేటర్ పట్టుకోవాలి. 22 నుంచి 27 నాట్ల గాలి అంటే గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలు మీద 6. ఆ గాలికి నడి సముద్రంలో అలలు సుమారు 3 మీటర్ల ఎత్తు లేస్తాయి. 1:144లో అది 21 మి.మీ. మరి ఒక శిఖరానికీ ఇంకో శిఖరానికీ దూరం? లోతైన నీటిలో అల పొడవు మీటర్లలో 1.56 × సెకన్లు × సెకన్లు. ఏడు సెకన్లకు ఒకసారి వచ్చే అల 76 మీటర్ల పొడవుంటుంది. మోడల్ మీద 53 సెంటీమీటర్లు.

అంటే మన 60 సెంటీమీటర్ల బేస్ మీద పెద్ద అల ఒక్కటే పడుతుంది. అలలు అనగానే ముళ్లపందిలా పాతిక శిఖరాలు చెక్కేస్తారు. కొలత పెట్టి చూస్తే అవి మూడు నాలుగు మీటర్ల అలలు, చెరువులో లేచేవి. పెద్ద ఉబ్బు ఒకటి, దాని వీపు మీద 10–15 మి.మీ. పొడవున్న చిన్న తరగలు. అంతే. ఎత్తు, పొడవులో ఏడో వంతు దాటితే అల నిలవదు, విరిగిపోతుంది. కాబట్టి నిటారు గోడల్లాంటి అలలు చెక్కొద్దు.

పడవ స్వయంగా లేపే అలలు వేరు. 10 నాట్ల వేగంలో పడవ పక్కన ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి 17 మీటర్లు వస్తుంది. మోడల్ మీద 118 మి.మీ. అణియం (ముందు కొస) నుంచి అమరం దాకా 466 మి.మీ.లో దాదాపు నాలుగు శిఖరాలు. 17 నాట్లయితే ఆ దూరం 340 మి.మీ. అవుతుంది, ఒకటిన్నర అల కూడా పట్టదు. నౌకల సంగతి తెలిసినవాడు ఈ శిఖరాలు లెక్కపెట్టి వేగం చెప్పేస్తాడు. పడవ వెనక విచ్చుకునే అలల పాయ మధ్యగీతకు రెండువైపులా 19.5 డిగ్రీల చొప్పున ఉంటుంది. ప్రొట్రాక్టర్‌తో ఫోమ్ మీద గీసుకోండి.

పడవ

హల్ (పడవ ఒళ్లు) రెండు సగాలు అతికించే ముందే రెండు పనులు. ఒకటి, లోపల రెండుచోట్ల చెక్క ముక్కలు ఎపాక్సీతో బిగించి 4 మి.మీ. నట్లు కూర్చోబెట్టాలి. బేస్ కింద నుంచి బోల్టులు వేస్తే పడవ కదలదు. అతికించాక గుర్తొస్తే పొట్ట కోయాల్సిందే. రెండు, డెక్ అంచు కింద వరసగా ఉండే నీళ్లు కారే రంధ్రాలు. కిట్‌లో ఇవి చాలాచోట్ల గుంటలుగానే ఉంటాయి. లోపలి వైపు నుంచి ప్లాస్టిక్‌ను పలచగా గీకుతూ పోతే వాటంతట అవే తెరుచుకుంటాయి. బయట నుంచి డ్రిల్ పెడితే అంచులు చిరుగుతాయి. తెరిచాక లోపలంతా నలుపు కొట్టండి. అవి అసలు ఎలా ఉంటాయో చూడాలంటే విశాఖ ఆర్కే బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ఎక్కి రండి. అది సోవియట్ తయారీ, వేరే తరగతి. కానీ రెండు పొరల హల్, పై పొరలోంచి నీళ్లు ఎలా వచ్చిపోతాయో చేత్తో తడిమి చూడొచ్చు.

ప్రొపెల్లర్లు, చుక్కానులు, ముందు హైడ్రోప్లేన్లు (మునగడానికి, తేలడానికి తిప్పే రెక్కలు) అన్నీ నీటి కిందే. అతికించకండి, ఫోమ్‌లో పడవ కూర్చునే గాడి తవ్వేటప్పుడు అడ్డం. పెరిస్కోపులు దించేసి ఉంచండి. నిలబెడితే అందంగానే ఉంటుంది కానీ నీటిపైన తిరిగేటప్పుడు వాటిని ఎత్తి ఉంచడానికి కారణం లేదు. తుపాకి గొట్టం పడవ పొడవునే తిప్పి ఉండాలి.

రంగు: పైభాగం లేత బూడిద, ఆర్‌ఏఎల్ (రంగులకు నంబర్లిచ్చే జర్మన్ పట్టిక) 7001కి దగ్గర. కింది భాగం ముదురు బూడిద, ఆర్‌ఏఎల్ 7016కి దగ్గర. మోడల్ చిన్నది కాబట్టి రెండింటిలోనూ పదో వంతు తెలుపు కలిపితే కంటికి సరిగ్గా ఆనుతుంది. డెక్ చెక్కదే అయినా తారులాంటి పూతతో నల్లగా ఉండేది. టేకు బల్లలా పసుపు గోధుమ వేస్తే పడవ కాస్తా విహార నౌక అయిపోతుంది.

తుప్పు మరకలు వేసే ముందు మెరుపు వార్నిష్ కొట్టి 24 గంటలు ఆగండి. బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్ ఆయిల్ రంగులు రంధ్రాల కింద సూదిమొన చుక్కలుగా పెట్టి, ఆర్టిస్ట్ టర్పెంటైన్‌లో ముంచి తుడిచిన చదును బ్రష్‌తో కిందికి ఒక్కసారి లాగండి. రెండోసారి లాగితే చార పోయి మరక మిగులుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎన్‌సీ థిన్నర్ మాత్రం దగ్గరికి రానీయొద్దు, ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది.

గాడి, కెరటం, అతుకు

ఫోమ్‌లో ఎత్తైన శిఖరం 50 మి.మీ., లోతైన పల్లం 29 మి.మీ. ఉండేలా చెక్కితే సగటు నీటిమట్టం 40 వస్తుంది. 33 మునిగాక పడవ అడుగున 7 మి.మీ. ఫోమ్ మిగులుతుంది, బోల్టుకు అది చాలు. అణియం వైపు 2 డిగ్రీలు లేపాలి, అంటే అమరంకంటే 16 మి.మీ. ఎత్తు. గాడి అడుగున ఫోమ్ ముక్కలు పేర్చి సరిచేసుకోండి. ముక్కు లేచినచోట అల శిఖరం ఉండాలి. పల్లం మీద ముక్కు గాల్లో నిలబడితే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా తప్పు తెలిసిపోతుంది.

చెక్కడానికి కట్టర్ బ్లేడ్, తర్వాత 80 నంబరు ఎమరీ కాగితం. మాస్క్ తప్పనిసరి. ఫోమ్ మీద ఫెవిక్విక్ గానీ స్ప్రే డబ్బా రంగు గానీ పడితే గుంటపడి కరిగిపోతుంది. అతకడానికి ఫెవికాల్, రంగుకు అక్రిలిక్ మాత్రమే.

పైన టిష్యూ కాగితం పరిచి, ఫెవికాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి బ్రష్‌తో అద్దండి. తడిగా ఉన్నప్పుడే బ్రష్ మొనతో నెట్టుకుంటూ పోతే కాగితం ముడతపడి చిన్న తరగలు తయారవుతాయి. పువ్వుల అచ్చున్న టిష్యూ కొన్నారో, అట్లాంటిక్ నిండా పువ్వులే. ఫెవికాల్ పల్లాల్లో నిలవనీయకండి. మందంగా ఆగినచోట వారమైనా ఆరదు, వానాకాలంలో పాలలా తెల్లబడుతుంది.

పడవకూ నీటికీ మధ్య సందు అందరి పనిలోనూ కనబడే లోపం. దీనికి వంటింటి క్లింగ్ ఫిల్మ్ చాలు. రంగులేసిన పడవకు ఒక్క పొర బిగుతుగా చుట్టి గాడిలో బోల్టు చేయండి. సందులోకి ఎం-సీల్ సన్నని తీగలా నొక్కి, తడి వేలితో హల్ మీదికి కొద్దిగా పాకేలా తోయండి. గట్టిపడ్డాక పడవ తీసి ఫిల్మ్ ఒలిచేస్తే నీరు హల్ ఆకారానికి సరిగ్గా అచ్చు పడి ఉంటుంది.

నీటి రంగు నీలం కాదు. మబ్బు కింద అట్లాంటిక్ బూడిద పచ్చ. ప్రష్యన్ బ్లూ రెండు పాళ్లు, సాప్ గ్రీన్ ఒక పాలు, చిటికెడు నలుపు పల్లాలకు. శిఖరాల దగ్గర నలుపు మానేసి కొంచెం తెలుపు, ఇంకొంచెం పచ్చ. పడవ వెనక వెడల్పంత పట్టీ లేత పచ్చగా, చదునుగా ఉండాలి. ప్రొపెల్లర్లు చిలికిన నీటిలో చిన్న తరగలు నిలవవు. ఆరాక మెరిసే జెల్ ఐదు పలచని పూతలు, ఒక్కోటి పూర్తిగా పారదర్శకమయ్యాకే తర్వాతది. తొందరపడి ఒకేసారి మందంగా పూస్తే లోపల తెలుపు చిక్కుకుని ఇక పోదు.

నురగకు టైటానియం వైట్, జెల్ కలిపి స్పాంజి ముక్కతో అద్దండి. బోఫోర్ట్ 6లో శిఖరాలన్నీ తెల్లగా విరుగుతాయి గానీ, గాలివాటున నురగ పొడుగు చారలుగా సాగడం 7 నుంచే మొదలు. ఆ చారలు వేస్తే అలలు ఇంకా ఎత్తు పెంచాలి. బేకింగ్ సోడా చిట్కా చాలామంది చెబుతారు, కానీ నెలలు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. రంధ్రాల్లోంచి కారే నీళ్లకు జెల్‌ను టూత్‌పిక్‌తో తీగలా సాగదీసి హల్ మీద నిలువుగా ఆనించండి. పక్క ట్యాంకు వీపు మీద పడ్డచోట చుక్క తెలుపు. ఈ డయోరామాలో కన్ను ముందుగా ఆగేది అక్కడే.

తీగలు, మనుషులు

టవర్ నుంచి ముందుకు ఒక తీగ, వెనక్కి రెండు. ఇవే రేడియో ఏరియల్ కూడా. స్ప్రూ (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్కను కొవ్వొత్తి మంటకు మూడు వేళ్ల ఎత్తున తిప్పుతూ ఉంటే మెరుపు వచ్చి మధ్యలో వంగుతుంది. వెంటనే మంట నుంచి తప్పించి రెండు చేతులూ లాగండి. నెమ్మదిగా లాగితే లావు, వేగంగా లాగితే సన్నం. 0.1 మి.మీ. కావాలి. అతికించాక వదులుగా ఉంటే వెలిగించిన అగరబత్తిని తీగకు అంగుళం దూరంలో కింద నుంచి ఒకసారి నడిపించండి, తీగ కళ్లముందే బిగుసుకుంటుంది. ఆగితే తెగుతుంది. ఇన్సులేటర్లకు ఫెవికాల్ చుక్కలు ఆరబెట్టి తెలుపు వేస్తే సరి.

వంతెన (టవర్ పైన నిలబడే చోటు) మీద కాపలా నలుగురు: ఒక అధికారి, ముగ్గురు నావికులు, ఒక్కొక్కరికి 90 డిగ్రీల దిక్కు. నలుగురినీ ముందుకే చూసేలా పెడితే పడవ బస్సైపోతుంది. ఆర్కిటెక్చర్ విద్యార్థులు కొనే 1:150 బొమ్మలు 12 మి.మీ. దగ్గర ఉంటాయి, బాగా సరిపోతాయి. టవర్ గోడ ఛాతీదాకా వస్తుంది కాబట్టి మోకాళ్ల దగ్గర కోసేయండి. ఈ గాలిలో వానకోట్లే వేసుకుంటారు, ముదురు బూడిద మీద మెరుపు వార్నిష్. డెక్ మీద ఎవరినీ నిలబెట్టొద్దు, ఆ సముద్రంలో అక్కడ ఉన్నవాడు మిగలడు.

అక్రిలిక్ పెట్టె చేయిస్తే లోపలి ఎత్తు 12 సెంటీమీటర్లు ఉంచండి. మూత దించేటప్పుడు వెనక తీగలే ముందు తగులుతాయి, కాబట్టి అమరం వైపు నుంచి చూస్తూ దించండి.